పెకాన్ చెట్టు నిండా తెల్లటి గూళ్లు: కాల్చాలా, కొట్టేయాలా, వదిలేయాలా?

పెరటి_తోట (ప్లేనో, టెక్సాస్) · సెప్టెంబరు 6

అందరికీ నమస్కారం. మా పెరట్లో పెద్ద పెకాన్ చెట్టు (అక్రోటు లాంటి పప్పు కాసేది) ఒకటుంది. ఈ ఇల్లు కొన్నదే దాన్ని చూసి. పది రోజుల కింద రెండు కొమ్మల చివర్లో తెల్లగా సాలెగూడు లాంటిది కనిపించింది. సాలెపురుగులే కదా అని ఊరుకున్నాను. ఈ రోజు లెక్కపెడితే పదకొండు గూళ్లు! పెద్దది దిండు గలీబంత ఉంది. లోపల వందల కొద్దీ పురుగులు, ఆవాల్లాంటి నల్లటి రెట్ట, పచ్చదనమంతా పోయి ఈనెలు మాత్రం మిగిలిన ఆకులు. కర్రతో తడితే గూడులోని పురుగులన్నీ ఒకేసారి తల విదిల్చాయి. మా పాప (ఎనిమిదేళ్లు) అప్పట్నుంచి చెట్టు కిందకి వెళ్లడం లేదు.

మా నాన్న అనంతపురం జిల్లా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. కర్రకు కిరసనాయిలు గుడ్డ కట్టి కాల్చేద్దాం అంటున్నారు. మా ఆయన ఒక చెట్ల కంపెనీ వాళ్లను పిలిస్తే మందు కొట్టడానికి 650 డాలర్లు అడిగారు. పక్కింటాయన కొమ్మలు కొట్టేయమంటున్నాడు. చెట్టు చచ్చిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బాపట్ల_కీటకం · సెప్టెంబరు 6

ముందుగా మీ నాన్నగారికి దండం పెట్టి ఆ కిరసనాయిలు డబ్బా దాచేయండి. పురుగు తిన్న ఆకు మళ్లీ వస్తుంది, కాలిన బెరడు రాదు. ఎండాకాలం చివర్లో టెక్సాస్ గడ్డి ఎలా ఉంటుందో మీకే తెలుసు, ఒక్క నిప్పురవ్వ చాలు.

రెండు విషయాలు చూసి చెప్పండి. గూడు కొమ్మ చివర ఆకుల్ని కప్పి ఉందా, కొమ్మలు చీలే పంగలో ఉందా? పురుగు తల ఏ రంగు? ఫోటో తీయకపోయినా ఫర్వాలేదు, దగ్గరగా చూస్తే చాలు.

పెరటి_తోట · సెప్టెంబరు 7

నిచ్చెన వేసి చూశాను. గూళ్లన్నీ కొమ్మల చివర్లలోనే ఉన్నాయి. ఆకుల్ని లోపల పెట్టి కుట్టేసినట్టుంది. పురుగు ఒళ్లు పసుపు కలిసిన గోధుమ రంగు, పొడవాటి తెల్లటి నూగు, నారింజ రంగు బుడిపెలు. తల ఎరుపు. అంగుళానికి కాస్త తక్కువ పొడవు.

బాపట్ల_కీటకం · సెప్టెంబరు 7

అయితే అనుమానం లేదు, అది ఫాల్ వెబ్‌వర్మ్. శాస్త్రీయ నామం హైఫాంట్రియా క్యూనియా. దీంట్లో ఎర్ర తలవి, నల్ల తలవి అని రెండు రకాలు. మీది ఎర్ర తలది. దీని గూళ్లు రెండో రకం గూళ్లకంటే పెద్దగా, దట్టంగా ఉంటాయి.

తల్లి తెల్లటి రెక్కల పురుగు. ఆకు అడుగున కొన్ని వందల గుడ్లు ఒకేచోట పెట్టి, తన ఒంటి నూగుతో కప్పేసి పోతుంది. వారం, పది రోజులకు పిల్లలు బయటికొచ్చి, పుట్టిన ఆకునే దారంతో చుట్టుకుని తినడం మొదలుపెడతాయి. ఆ ఆకు అయిపోతే పక్క ఆకును గూడులోకి కలుపుకుంటాయి. గూడు రోజురోజుకూ పెరిగేది అందుకే. తిండికి బయటికి రావు, ఇంటినే తిండి మీదికి పెంచుకుంటూ పోతాయి. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత గూడు వదిలి చెదిరిపోయి, బెరడు పగుళ్లలోనో, రాలిన ఆకుల కిందో, మట్టిలోనో గూడు కట్టుకుంటాయి. చలికాలమంతా కోశస్థ దశలో (గొంగళికీ రెక్కల పురుగుకీ మధ్య దశ) అక్కడే. చలి ఎక్కువుండే ఉత్తరాది రాష్ట్రాల్లో ఏడాదికి ఒక్క తరమే వస్తుంది, మీ టెక్సాస్‌లో రెండు నుంచి నాలుగు.

మీరు కర్రతో తట్టినప్పుడు అన్నీ ఒకేసారి విదిల్చాయన్నారే, అది వాటి ఆత్మరక్షణ. ఒంటరి పురుగు మీద వాలడం కందిరీగకు తేలిక, గూడంతా ఒక్కసారిగా ఊగితే ఎక్కడ వాలాలో దానికి తెలియదు.

చెట్టు చావదు. ఏడాదిలో ఈ వేళకు ఆకులు చేయాల్సిన పని చాలావరకు చేసేసి ఉంటాయి. ఇంకో రెండు నెలల్లో ఎలాగూ రాలిపోయేవే.

వర్జీనియా_మల్లి · సెప్టెంబరు 7

మా ఇంటి వెనక అడవి చెర్రీ చెట్టుకు కూడా ఇలాగే వచ్చాయి, కాకపోతే ఏప్రిల్‌లో! కొమ్మలు చీలే చోట గుడారంలా ఉంది. ఇదీ అదేనా?

బాపట్ల_కీటకం · సెప్టెంబరు 7

కాదండి. మీది ఈస్టర్న్ టెంట్ క్యాటర్‌పిల్లర్. వీపు మీద నిలువుగా తెల్ల చార, పక్కల్లో నీలం చుక్కలు ఉంటాయి, గుర్తొచ్చిందా? అది వసంతంలో వచ్చేది, ఇది వేసవి చివర వచ్చేది. అది పంగలో గుడారం వేసి, తిండికి బయటికెళ్లి మళ్లీ గుడారానికి వస్తుంది. వెళ్లిన దారిలో సన్నటి దారం, వాసన వదులుతుంది, మిగతావి ఆ జాడ పట్టుకుని వెళతాయి. చలికాలం గడిపేది గుడ్డు రూపంలో. సన్నటి పుల్ల చుట్టూ వార్నిష్ పూసిన కడియంలా ఉంటుంది ఆ గుడ్ల ముద్ద. ఆకులు రాలాక వెతికి గిల్లిపారేస్తే వచ్చే ఏడాది గుడారమే ఉండదు.

ఆ పురుగును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2001 వసంతంలో కెంటకీలో ఇవి విపరీతంగా పెరిగి పచ్చిక బయళ్లలోకి దిగాయి. గడ్డితోపాటు వాటిని మేసిన చూలు గుర్రాలు వేల సంఖ్యలో ఈచుకుపోయాయి (గర్భస్రావమైంది). పందెపు గుర్రాల పెంపకమే బతుకుతెరువైన ప్రాంతం అది. మొదట కారణం అంతుపట్టలేదు, తర్వాత పరీక్షల్లో ఈ పురుగుల దగ్గరికే దారి తీసింది.

దోటికర్ర (నూజివీడు) · సెప్టెంబరు 8

అమ్మా, మా మామిడి తోటల్లో దీనికి చుట్టం లాంటిది ఉంది. గూడు పురుగు అంటాం. వానలు వెనకబట్టాక ఆకుల్ని గుత్తుగా దగ్గరికి లాగి దారంతో అల్లి లోపల కూర్చుని గీరి తింటుంది. దూరం నుంచి చూస్తే చెట్టుకు ఎండిన పిచ్చుక గూళ్లు వేలాడుతున్నట్టు ఉంటుంది. చెట్లు ఒత్తుగా ఉండి లోపలికి గాలి, వెలుతురు ఆడని తోటలో మరీ ఎక్కువ. మా పక్క తోటలో కొమ్మ కత్తిరింపు చేసి ఎన్నేళ్లయిందో, ఏటా వాళ్ల దగ్గర మొదలై మా దగ్గరికొస్తుంది.

మేం చేసేది ఒకటే. దోటికి కొక్కెం బిగించి గూడును మెలితిప్పి కిందకి లాగడం, పోగు చేసి చేనుకు దూరంగా తీసుకెళ్లి తగలబెట్టడం. కాల్చేది కింద పడ్డాకే గానీ చెట్టు మీద ఉండగా కాదు. గూడు చింపకుండా మందు కొడితే మందు పైనుంచి జారి నేల పాలు. మొదట్లో రెండేళ్లు అలాగే డబ్బు తగలేశాను. మందు లోపలికి పోతుందనుకున్నా, అది గొడుగు పట్టినట్టు కూర్చుని తింటూనే ఉంది.

పెరటి_తోట · సెప్టెంబరు 8

మీ అందరి మాటలూ నాన్నకు చదివి వినిపించాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"మాకు శెనక్కాయ చేన్లలో ఎర్ర గొంగళి వచ్చేది. తొలకరి పదునైన వాన పడిందంటే, నేలలో నెలల తరబడి పడుకున్నవన్నీ రెక్కల పురుగులై లేచేవి. ఊరంతా కలిసి చేన్ల గట్ల మీద రాత్రి పూట మంటలు వేసేవాళ్లం. ఒక్కడు వేస్తే లాభం లేదు, అందరూ ఒకే రాత్రి వేయాల. వచ్చి మంటలో పడేవి. గుడ్లు పెట్టేసినాక గొంగళ్లు ఒక చేను ఖాళీ చేసి ఇంకో చేనికి దండు మాదిరి కదిలేవి. అడ్డంగా కాలువ తవ్వేది, జిల్లేడు కొమ్మలు పరిచేది. పొద్దున్నే ఆ కొమ్మల కింద చేరినవాటిని ఏరి చంపేది. మంట అంటే నాకు అట్లా అలవాటు. చెట్టుకు పెట్టమని కాదు."

నాన్న ఇంత సేపు మాట్లాడి చాలా రోజులైంది.

బాపట్ల_కీటకం · సెప్టెంబరు 8

మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజం. ఇంకో సంగతి. ఆ ఎర్ర గొంగళి, మీ పెకాన్ మీద ఉన్న పురుగు ఒకే ఉపకుటుంబానివి. టైగర్ మాత్స్ అంటారు. ఒకటి నేల మీద దండుగా కదిలేది, ఇంకోటి చెట్టు మీద గూడు కట్టేది. అంటే అనంతపురం చేన్లో ఆయన పోరాడినదాని వంశమే ప్లేనోలో కూతురి పెరట్లోకి వచ్చింది.

కిన్నెరసాని_పిట్టలు (కొత్తగూడెం) · సెప్టెంబరు 9

నేను పిట్టలు చూసేవాణ్ని, పురుగుల గురించి తక్కువ తెలుసు. ఒక్క మాట కలుపుతాను. నూగు పురుగుల్ని మామూలు పిట్టలు ముట్టవు, కోకిల జాతి పిట్టలు ఇష్టంగా తింటాయి. మన దగ్గర వానలతో వచ్చే చాతకం ఎక్కువగా గొంగళి పురుగుల మీద బతుకుతుంది. పట్టుకున్న పురుగును ముక్కుతో అటూ ఇటూ నొక్కి, లోపలి పేగు బయటికి పిండేసి అప్పుడు మింగుతుంది. మీ అమెరికాలో పసుపు ముక్కు కోకిల ఉంది. దానికి ఈ గూళ్ల పురుగులంటే పండగే. మింగిన వెంట్రుకలన్నీ కడుపు గోడకు గుచ్చుకుంటే, ఆ లోపలి పొరనే ఊడబెరికి కక్కేసి కొత్త పొర పెంచుకుంటుంది. గూడు చింపి వదిలి చూడండి, పిట్టలు వాటి పని అవి చేసుకుంటాయి.

మౌనిక్_అన్వేషి (హైదరాబాద్) · సెప్టెంబరు 9

పాకిస్తాన్ వరదలప్పుడు చెట్లన్నీ తెల్లగా బట్ట కప్పినట్టు ఫోటోలు వచ్చాయి కదా, అవీ ఈ పురుగులేనా?

బాపట్ల_కీటకం · సెప్టెంబరు 9

కాదు. అవి 2010 వరదల్లో సింధ్‌లో తీసినవి. నీళ్లు నెలల తరబడి నిలిచిపోతే ప్రాణం దక్కించుకోవడానికి చెట్లెక్కిన సాలెపురుగులు అల్లినవి. ప్లేనోకు దగ్గర్లోనే టవాకొనీ సరస్సు పార్కులో 2007లో చెట్లనూ పొదలనూ కలుపుతూ రెండు వందల గజాల దాకా గూడు అల్లుకుపోయింది, అదీ సాలెపురుగుల పనే. తేడా కనిపెట్టడం తేలిక. గూడులో తిన్న ఆకు, రెట్ట ఉంటే గొంగళి. చిక్కుకున్న దోమలు, ఈగలు ఉంటే సాలీడు. గొంగళికి గూడు ఇల్లు, సాలీడుకు వల.

ఎడిన్‌బరో_వాన · సెప్టెంబరు 10

మీ గూళ్లు దిండు గలీబంతే కదా అక్కా! ఇక్కడ స్కాట్లండ్‌లో మే, జూన్ నెలల్లో బర్డ్ చెర్రీ చెట్లకు ఎర్మిన్ మాత్ పురుగులు పడితే మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా ఒక్క ఆకు లేకుండా తినేసి, చెట్టు మొత్తాన్ని మెరిసే పట్టుతో చుట్టేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో చెట్టుకు పాలిథిన్ కప్పారనుకున్నా. చేత్తో నిమిరితే నిజంగా మన పట్టుచీర లోపలి వైపు తడిమినట్టు ఉంది. మొదలు దగ్గర ఉన్న కంచెకూ, గడ్డికీ కూడా అల్లేశాయి. జులై చివర్లో అదే దారిలో వెళ్తే చెట్టు నిండా కొత్త ఆకులు! నాకు నోట మాట రాలేదు. ఆ రెక్కల పురుగు కూడా అందంగా ఉంటుంది, తెల్లటి సన్నని రెక్కల మీద వరసగా నల్లచుక్కలు.

కాబట్టి ధైర్యంగా ఉండండి. మీ పెకాన్‌కు పోయింది పది కొమ్మల ఆకులే.

తాండూరు_తమ్ముడు · సెప్టెంబరు 10

ఇంత పట్టు వృథాగా పోతోంది కదా, దాన్నుంచి దారం తీయలేమా? నిజంగానే అడుగుతున్నా.

చంద్రిక_హిందూపురం · సెప్టెంబరు 10

ఇరవై రెండేళ్లుగా మాది పట్టు పురుగుల పెంపకం, నాకు తెలిసినంత చెప్తాను తమ్ముడూ. ఏ గొంగళికైనా దారం వచ్చేది కింది పెదవి దగ్గరున్న చిన్న రంధ్రం నుంచే, మా పురుగుకైనా ఆ పెకాన్ పురుగుకైనా. తేడా అల్లే తీరులో ఉంది. నాలుగు జ్వరాలు దాటిన మా పురుగు చంద్రిక (గూడు కట్టడానికి పురుగుల్ని ఎక్కించే తట్ట) మీదికి ఎక్కించాక, తల ఎనిమిది అంకెలా తిప్పుతూ రెండు మూడు రోజుల్లో తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. అంతా ఒకటే పోగు, తెగకుండా వెయ్యి మీటర్ల దాకా వస్తుంది. వేడినీళ్లలో బంక కరిగించి కొస పట్టుకుంటే చివరిదాకా లాగొచ్చు. ఆ చెట్టు గూడు అలా కాదు. వందల పురుగులు తలా కాస్త, నెల పైన, అటొక పోగు ఇటొక పోగు వేస్తాయి. కొస దొరకదు. మధ్యలో రెట్ట, కుబుసాలు, ఆకు ముక్కలు.

జ్వరం అంటే రోగం కాదు, పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి కదలకుండా ఉండే రోజు. మేం అలాగే అంటాం.

ఇంకో దిగులు మాట. ఆ పురుగుకు మల్బరీ ఆకంటే బాగా ఇష్టమని విన్నాను, నిజమేనా?

బాపట్ల_కీటకం · సెప్టెంబరు 10

నిజమే చంద్రిక గారూ. వందకు పైగా రకాల చెట్లు తింటుంది, వాటిలో మల్బరీ ముందు వరసలో ఉంటుంది. పుట్టిల్లు ఉత్తర అమెరికా. 1940లో హంగరీలో కనబడింది, యుద్ధం ముగిసిన 1945లో జపాన్‌లో, 1958లో కొరియాలో, 1979లో చైనాలో. ఓడల్లో వచ్చే సరుకుతో దాటింది. సొంత గడ్డ మీద దాని శత్రువులు దానికి ఉన్నాయి, కాబట్టి అక్కడ కంటికి అసహ్యం తప్ప పెద్ద ముప్పు కాదు. శత్రువులు లేని చోట అడవులకు అడవులే తింది.

చైనావాళ్లు చేసిన పని మీకు నచ్చుతుంది. దీని కోశంలో గుడ్లు పెట్టే బుల్లి కందిరీగ ఒకటి అక్కడే దొరికింది. దాన్ని లక్షల్లో పెంచాలంటే దానికి కోశాలు కావాలి. పట్టు పరిశ్రమలో దండిగా ఉండే ఓక్ టస్సర్ పురుగు కోశాల్లో పెంచి తోటల్లోకి వదిలారు. మన మహదేవపూర్, చెన్నూరుల్లో మద్దిచెట్ల మీద పెంచే దసలి పురుగుకు ఆ టస్సర్ పురుగు దగ్గరి బంధువు.

సాన్_ఆంటోనియో_పెకాన్ · సెప్టెంబరు 11

నాకు నలభై పెకాన్ చెట్లున్నాయి, కాబట్టి ఒక దిద్దుబాటు. "చూడ్డానికి బాగోదు అంతే" అనే మాట నీడ చెట్టుకు సరిపోతుంది, కాయ చెట్టుకు పూర్తిగా సరిపోదు. ఆగస్టు, సెప్టెంబరు పెకాన్ గింజ నిండే కాలం. ఆకు బాగా పోతే పప్పు పీలగా ఉంటుంది, మరుసటేడు కాపు మీద కూడా దెబ్బ పడుతుంది. లేత చెట్టుకైతే మరీ కష్టం. పదకొండు గూళ్లకు పెద్ద చెట్టు తట్టుకుంటుంది, మరీ ఎక్కువైతే కాపుకు దెబ్బ. 1919 నుంచి ఇది మా రాష్ట్ర వృక్షం, దీన్ని చిన్నచూపు చూడలేం.

మందే కావాలంటే బీటీ (బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బాక్టీరియాతో చేసిన మందు) కొట్టండి. మన పత్తిలో పెట్టిన బీటీ జన్యువు ఈ మట్టి బాక్టీరియాదే. కాకపోతే పురుగు చిన్నగా ఉన్నప్పుడే పని చేస్తుంది, అదీ మందు పడిన ఆకు తిన్నప్పుడే. ఎండకు కొన్ని రోజుల్లో బలం పోతుంది. ఇప్పుడు మీ పురుగులు అంగుళం అయ్యాయి, ఆలస్యమైపోయింది. 650 డాలర్లు పెట్టకండి. వేరుకు పోసే మందులు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. కాయలు పిల్లలు తింటారు.

పెరటి_తోట · సెప్టెంబరు 14

చేసేశాం! గోడలకు రంగులు వేసే పొడుగు కర్ర ఉంటుంది కదా, దాని చివర నాన్న మేకులు కొట్టి దోటిలా చేశారు. గూట్లో గుచ్చి, పీచుమిఠాయి పుల్లకు చుట్టుకున్నట్టు మెలి తిప్పితే గూడంతా కర్రకే అంటుకుని వచ్చింది. చిరిగేటప్పుడు పాత నేతచీర చింపినట్టు సన్నని శబ్దం. లోపలి నుంచి ఎండాకు నలిపిన వాసన, నల్లటి గింజల వాన. నేను పొడుగు చేతుల చొక్కా, తలకు గుడ్డ చుట్టుకున్నా మెడ మీద కాసేపు దురద పెట్టింది.

అందిన ఏడు గూళ్లూ సబ్బునీళ్ల బకెట్లో వేశాం. పైన నాలుగు అందలేదు. కర్ర చివరతో చీల్చి వదిలేశాం. మర్నాడు పొద్దున చూస్తే కందిరీగలు ఆ చిరుగుల్లో దూరి వస్తున్నాయి. ఒక్కొక్కటి నోట్లో ఏదో ముద్ద పట్టుకుని పోతోంది. నాన్న కుర్చీ వేసుకుని రెండు గంటలు అదే చూశారు.

కిన్నెరసాని_పిట్టలు · సెప్టెంబరు 14

కోకిల వచ్చిందా?

పెరటి_తోట · సెప్టెంబరు 14

కనబడలేదండి. వస్తే మొదట మీకే చెప్తాను.

పెరటి_తోట · నవంబరు 22

ఆకు రాలింది. రాలినదంతా ఊడ్చి సంచుల్లో ఎత్తేశాం. బెరడు పెచ్చు కింద ఒక కోశం దొరికింది, పల్చటి గూట్లో ముదురు గోధుమ రంగులో, వేలి గోరంత. కాయలు మూడు బకెట్లు వచ్చాయి. గూళ్లున్న కొమ్మల కాయలు పగలగొడితే పప్పు కొంచెం ముడుచుకుపోయి ఉంది. సాన్ ఆంటోనియో అన్న చెప్పినట్టే. నాన్న ఊరెళ్తూ రెండు కిలోలు పట్టుకెళ్లారు.

పెరటి_తోట · ఏప్రిల్ 12

వీధిలో అన్ని చెట్లూ చిగిర్చాక కూడా మాది మోడులా ఉంటే గుండె ఆగినంత పనైంది. పెకాన్ అన్నిటికంటే ఆలస్యంగా చిగురిస్తుందని ఎవరూ చెప్పలేదేం! ఈ రోజు కొమ్మ కొమ్మకూ చిగురు. గూళ్లున్న కొమ్మలకు కూడా. నాన్నకు వీడియో కాల్‌లో చూపించాను. కెమెరా పైకి, ఇంకా పైకి అంటూ చిటారు దాకా చూపించమన్నారు.

పెరటి_తోట · జూన్ 3

మొదటి గూడు కనబడింది, అరచేయంత. ఈసారి వారం వారం ఆకు అడుగులు చూస్తూనే ఉన్నాను, అందుకే ఇంత చిన్నగా ఉండగా దొరికింది. ఆ ఆకు ఒక్కటే తుంచేస్తే సరిపోయింది. సబ్బునీళ్లలో వేయబోతుంటే పాప అడ్డుపడింది. ఆరు పురుగుల్ని గాజు సీసాలో పెట్టుకుంది, మూతకు గుడ్డ కట్టింది, తెల్ల రెక్కలు వచ్చేదాకా చూస్తుందట. మిగతావి బకెట్లోకే.

చంద్రిక గారూ, పాప మిమ్మల్నే అడగమంటోంది: రోజుకు ఎన్నిసార్లు ఆకు మార్చాలి?

చంద్రిక_హిందూపురం · జూన్ 3

బంగారుతల్లికి చెప్పండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పాత ఆకు, రెట్ట తీసేసి కొత్తది వేయాలి. తడి ఆకు మాత్రం వేయకూడదు, గుడ్డతో తుడిచి వేయాలి. మేత మానేసి కదలకుండా ఉంటే చచ్చిపోయాయని పారేయొద్దు. జ్వరానికి కూర్చున్నట్టు. ఒక రోజు ఆగితే కొత్త చొక్కా వేసుకుని లేస్తాయి.